తారామైత్రకము: వత్సలశబ్దార్థవిచారము

సాహిత్యదర్పణకర్త యగు విశ్వనాథుఁడు క్రీ. శ. 14వ శతాబ్దమువాఁడు. రసములు తొమ్మిదియే యని పెక్కండ్రు పూర్వులు నిర్ణయింపఁగా, నతఁడు తన గ్రంథమునఁ దృతీయపరిచ్ఛేదమందుఁ బదియవదిగా వత్సలరసము నంగీకరించి, దానికి విభావానుభావాదులను వివరించెను. ఆ రసమున కాలంబన మెవరని చెప్పునెడ నతఁడు 'పుత్రాది' యను పదమును వాడెను. కొడుకు మొదలగువా రని దాని యర్థము. ఈ 'మొదలగువారు' ఎవరు? కూఁతురు, మనుమఁడు, సోదరుని బిడ్డ, శిష్యుఁడు, ఇంతవఱకు నెవరును గాదనరు. ఊరు పేరు తెలియని బిడ్డ, మరల నెన్నఁడును గనఁబడని బిడ్డ, ఒక్కమాటయైన నాడకయే మనయెదుటినుండి లేచిపోయిన బిడ్డ యీ యాదిశబ్దమునఁ జేరునా, చేరదా? వ్యాకరణము చదివినవానికి 'ఆది' శబ్దము గనఁబడినచో దాని యవధి యెంత యని యడుగకుండుట కష్టము. గణపాఠములతోఁ బెరిగిన బుద్ధి యట్టిది. కాని నే నీ ప్రశ్న నెత్తుకొనుటకు గణపాఠము మాత్రమే కారణము గాదు. నేను గుంతకల్లున నివసించువాఁడను. ఇటి రైలుకూడలిలో నీ ప్రశ్న ప్రతిదినమును బల్లలమీఁదఁ గూర్చుండియే యుండును. దానిఁ జెప్పుటకు ముందు శాస్త్రమును గొంత విచారింపవలయును.

వత్స మనఁగా దూడ, పిమ్మట బిడ్డ. వత్సశబ్దముపైఁ బాణిని యైదవ యధ్యాయము రెండవ పాదమున 98వ సూత్రముచే లచ్ ప్రత్యయమును విధించి వత్సలశబ్దమును సాధించెను. ఆ సూత్రముననే యంసశబ్దమునకును లచ్చు కలిగి యంసలశబ్ద మేర్పడును. అంస మనఁగా మూఁపు. ఇది 'కలవాఁడు' అను నర్థమునఁ బ్రత్యయములు వచ్చు ప్రకరణము. కావున దూడ గలది వత్సల యనియు, మూఁపు గలవాఁ డంసలుఁ డనియుఁ జదువరికి సహజముగాఁ దోఁచును. సూత్రకారుఁ డట్లు చెప్పలేదు. మొదటిదానికిఁ గామము గలవాఁడనియు, రెండవదానికి బలము గలవాఁడనియు నర్థములను నియమించెను. కాశికావృత్తి దీనిని మఱింత విస్పష్టము చేసినది. ఇందు దూడ యను నర్థముగాని మూఁపను నర్థముగాని లేదనియు, వత్సలుఁ డనఁగా స్నేహము గలవాఁడే యనియుఁ జెప్పి రెండుదాహరణముల నిచ్చినది: వత్సలుఁడైన స్వామి, వత్సలుఁడైన తండ్రి. స్వామి ముందు, తండ్రి తరువాత! ఈ క్రమమును నేను జులుకనగాఁ జూడను. స్వామికిని సేవకునకును రక్తసంబంధము లేదు. వృత్తికారుఁడు సంబంధము లేనిచోటనే మొదటి యుదాహరణము నిచ్చి, సంబంధ మున్నచోటును దరువాతఁ జూపినాఁడు. కాఁబట్టి బిడ్డ లేనివాఁడును వత్సలుఁడు గావచ్చును. తనది గాని బిడ్డయెడలను వత్సలుఁడు గావచ్చును. శబ్దశాస్త్రమున నిందుల కడ్డు లేదు.

ఇఁక నలంకారశాస్త్రము. మమ్మటుఁడు దేవతాదులయందలి రతిని భావ మని చెప్పి యూరకుండెను. ఆ యూరకుండుటలోఁ బసిబిడ్డలును గొట్టుకొనిపోయిరి. విశ్వనాథుఁ డట్లు పోనీయలేదు. అతని మతమున వత్సలమునకు స్నేహము స్థాయి. ఆ పుత్రాదుల చేష్టలు, విద్య, శౌర్యము, దయ మొదలగునవి యుద్దీపనములు. కౌఁగిలించుట, మేను దాఁకుట, శిరస్సును ముద్దిడుట, చూచుట, పులకము, ఆనందబాష్పము మొదలగున వనుభావములు. అనిష్టశంక, హర్షము, గర్వము మొదలగునవి సంచారులు. వర్ణము పద్మగర్భచ్ఛవి, దేవతలు లోకమాతలు. ఈ పట్టికను విద్యార్థులు పరీక్షకు వల్లెవేసి మఱునాఁడు మఱతురు. చదువరులు దీనిని జ్ఞప్తియం దుంచుకొందురుగాక, ముందు దీనితోఁ బని గలదు. ఇప్పటి కొక్కటిమాత్రము చెప్పెదను: ఈ రసమునకు దేవతలు గృహమాతలు గారు, లోకమాతలు.

లక్షణ మిట్లుండఁగా లక్ష్యముల సంగతి యేమి? ఎఱుఁగని పెద్దకును నెఱుఁగని బిడ్డకును బుట్టిన మమత మన కావ్యములలో నెటఁ గలదని యడిగినచో మొదట స్ఫురించునది శాకుంతలము సప్తమాంకము. మహాభారతమున నీ ఘట్టము లేదు. అట శకుంతల కొడుకును వెంటఁబెట్టుకొని సభకే వచ్చును. రాజెఱిఁగియు నెఱుఁగనట్లు పలుకును. ఆకాశవాణి తీర్పు చెప్పును. నన్నయభట్టారకుఁడును దెనుఁగున నా కథనే చెప్పెను. అందు బిడ్డ మొదటినుండియు నొక వ్యాజ్యమునకు సాక్ష్యమువంటివాఁడు. కాళిదాసు సభను దీసివేసెను. మారీచాశ్రమమునఁ దోడెవరును లేక నిలిచిన రాజు, సింహపుఁబిల్ల నోరు తెఱచి పండ్లు లెక్కింప నుద్యుక్తుఁడైన పిల్లవాఁడు, వీరిద్దఱిని నొకరికొకరు తెలియనివారినిగా నెదురెదుర నిలిపెను. ఆ పిల్లవానిఁ జూచి రాజు, కన్నకొడుకుపైఁ బోయినట్లు మన సేల పోవుచున్నదని తన్నుఁ దానడిగికొని, సంతానము లేకపోవుటయే తన్నిట్లు చేయుచున్నదని సమాధానము చెప్పికొనును. ఆ సమాధానమునఁ గవి వాడిన క్రియ 'వత్సలయతి'. వత్సలునిఁగాఁ జేయుట యని యర్థము. నామముపై ణిచ్చు చేసి సాధించిన నామధాతువు. ఈ క్రియకుఁ గర్త యెవఁడో చూడుఁడు. పిల్లవాఁడు గాఁడు, వాని యందము గాదు, వాని చేష్ట గాదు. అనపత్యత కర్త. లేమియే పని చేయుచున్నది. ఒంటరితనము మనుష్యుని వత్సలునిఁగాఁ జేయఁగలదని యొక్క క్రియాపదముతోఁ జెప్పిన కవి మఱియొకఁడు నా కెఱుక లేదు.

భవభూతి మఱికొంత దూరము పోయెను. ఉత్తరరామచరితమునఁ బంచమాంకమందు లవుఁడును జంద్రకేతుఁడును యుద్ధమునకు నిలిచి, యొకరినొకరు చూచి, యకారణముగా మెత్తఁబడుదురు. వారు పినతండ్రి పెదతండ్రి బిడ్డలని వారికిఁ దెలియదు. ఇట్టి ప్రీతికి లోకులు వాడు పేరని చెప్పి కవి యట 'తారామైత్రకము' అను మాటను బ్రయోగించెను. తార లనఁగా నిట నక్షత్రములు గావు, కంటిపాపలు. కనుపాపల చెలిమి. మాటకుముందే, పేరడుగకముందే, కన్నులు తమలోఁదాము చేసికొన్న మైత్రి. దీనికి హేతువు గణింపరాదనియు, హేతువు లేని పక్షపాతమునకు మందు లేదనియు, అది ప్రాణుల లోపలఁ గుట్టుపెట్టు దారమువంటిదనియు నట భావము. షష్ఠాంకమున రాముఁడు లవునిఁ జూచినప్పుడు నిదియే తీరు: పదార్థములను గలుపునది లోపలి యేదో కారణము గాని పైపై నిమిత్తములు గావని కవి మతము. తారామైత్రక మను నీ పదము మన కోశములలో నణఁగి యుండుట విచారకరము. దీనికి సాటివచ్చు మాట వేఱొకటి లేదు.

అయినను నా కొక యసంతృప్తి గలదు. దుష్యంతుఁడు చూచిన బిడ్డ తుదకుఁ దన కొడుకే. రాముఁడు చూచిన బాలుఁడును దన కొడుకే. లవచంద్రకేతులు దాయాదులే. కవులు హేతువు లేదని చెప్పుచునే తెరవెనుక హేతువును దాఁచిరి. తెర లేచినంతనే ప్రేక్షకుఁడు 'ఓహో, యందుకా!' యని నెమ్మదించును. నాటకమునకు నిర్వహణసంధి కావలయును గావున వారిని దప్పుపట్టను. కాని రక్తము పిలిచిన దనుట మమతను వివరించుటయా, లేక దాని విచిత్రతను దీసివేయుటయా? ఆ బిడ్డ యెవరి బిడ్డయో యైనచో దుష్యంతుని మనసు పోయినది పొరపాటగునా? కాళిదాసుఁడు 'వత్సలయతి' యన్నప్పుడు రాజున కా సంగతి తెలియదు; ఆ నిమిషమున నతని స్నేహము పూర్ణముగానే యున్నది. తరువాత వచ్చిన చుట్టఱిక మా నిమిషమున కేమియుఁ జేర్పలేదు.

తెరవెనుక నేమియు దాఁచకుండ నీ విషయమును వ్రాసినవారు మనదేశమున రవీంద్రనాథ ఠాకూరు. ఆయన 'కాబూలీవాలా' కథ 1892లో వెలువడినది. కాబూలునుండి వచ్చి కలకత్తా వీధులలో మేవా లమ్ముకొను రహమతు, అయిదేండ్ల మిని. వారి మాటలు కొద్ది. అత్తవారిల్లను హాస్యమే మాటిమాటికి. రహమతునకుఁ దన దేశమున నొక కూఁతురు గలదు. ఆమె చిన్నియఱచేతి గుఱుతును మసితోఁ గాగితముపైఁ దీయించి రొమ్మునకుఁ జేర్చి తిరుగుచుండును. చెఱనుండి వచ్చి చూచునప్పటికి మిని పెండ్లికూఁతురు; ఆమె యతని నెఱుఁగదు. ఇట మూలిక లేదు, ముద్రిక లేదు, యభిజ్ఞానము లేనేలేదు. విశ్వనాథుని 'ఆది' శబ్దమున కుదాహరణము గావలసినచో నే నీ కథనే చూపుదును.

ఇఁక మాయూరికి వత్తును. గుంతకల్లు కఱవుసీమలోని యూరు. అనంతపుర ప్రాంతమున సంవత్సరమునకు సగటువాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు నదనున రాదు. వాన తప్పినయేఁడు వేరుసెనగచేలు మాడును. కూలిజనము మూట గట్టుకొని బెంగుళూరువైపో, మఱియొక దిక్కునకో కదలును. కదలుటకు రైలు గలదు. మద్రాసునుండి రాయచూరు మీఁదుగా బొంబాయి పోవు మార్గము 1871లోఁ బూర్తియయ్యెను. పిదపఁ జిన్నపట్టాల మార్గములు బళ్లారి హుబ్లీల కొకటి, నంద్యాల బెజవాడల కొకటి, ధర్మవరము బెంగుళూరుల కొకటి యిటనుండి చీలినవి. పెద్దపట్టాల బండి దిగి చిన్నపట్టాల బండి యెక్కుటకు గంటలతరబడి వేచియుండవలసి వచ్చెడిది. 1956 నుండి యీ యూరు రైల్వే డివిజనుకు ముఖ్యస్థానము. గతశతాబ్దము ముగియునప్పటికిఁ జిన్నపట్టాలు పోయి యన్నియు నొక్కకొలఁదివే యైనవి. వేచియుండుట మాత్రము పోలేదు.

కొన్నియేండ్లక్రిందట వేసవిలో నొకరాత్రి బంధువు నెదుర్కొనుటకై నే నాస్టేషనునకుఁ బోయితిని. బండి యాలస్యము. ఎదుటి బల్లపై నేడెనిమిదేండ్ల పిల్లవాఁ డొకఁడు బట్టమూటకుఁ జేయి యానించి కూర్చుండియుండెను. తలిదండ్రులు చంటిబిడ్డతో టిక్కెట్లకుఁ బోయినట్లున్నారు. మూటకు వీనిని గావలి యుంచిరి. వాఁడేడ్వలేదు. వచ్చుపోవువారిని జూచుటయు మానెను. మూటముడినిమాత్రము పిడికిట బిగించి యుండెను. ఆ బల్ల రెండవకొనను ఎఱ్ఱచొక్కా తొడిగిన ముసలికూలి యొకఁడు వచ్చి కూలఁబడి, కాగితపుఁబొట్లము విప్పి వేరుసెనగకాయ లొలువసాగెను. ఈ సీమవారు వీనిని బుడ్డలందురు. ఒలిచిన పప్పును దాను దినుచు, నాలుగు పలుకులు బల్లనడుమఁ బెట్టెను. పిల్లవానివంకఁ జూడలేదు. చాలసే పవి యట్లే యుండెను. పిమ్మట నొకటి పోయినది. మఱికొంతసేపటికి రెండు. కూలి మరల నాలుగు పెట్టెను. ఇరువురిలో నెవ్వరును నోరు మెదపలేదు. తరువాత నొకటి జరిగినది. పిల్లవాఁడు లేచి, మూటను బల్లవెంట నీడ్చి, కూలి తొడప్రక్కఁ జేర్చి, నీళ్లకొళాయికడకుఁ బోయి దోసిటఁ ద్రాగి వచ్చెను. అప్పుడుమాత్రము కూలి తలయెత్తి కొళాయివైపు చూచెను. వాఁడు వచ్చి కూర్చుండువఱకుఁ జూపు మరల్పలేదు. ఇంతలోఁ దండ్రి వచ్చి మూట నెత్తిన పెట్టుకొనెను. తల్లి వాని చేయిపట్టి లాగికొని పోయెను. కూలి తొక్కల నూడ్చి పొట్లమున వేసికొని వేఱొక పెట్టెవైపు నడచెను. వానికి సంతానము గలదో లేదో నే నడుగలేదు.

ఈ దృశ్యమును విశ్వనాథుని పట్టికతోఁ బోల్చిచూతము. కౌఁగిలింత పరునకుఁ దగదు. మేను దాఁకుటయు, శిరస్సును ముద్దిడుటయుఁ దగవు. కాఁగా ననుభావములలోఁ బరున కుచితముగా మిగిలిన వ్యాపార మొక్కటే: చూచుట. అదియు నిట నొక్క కొళాయికడకుఁ బోయివచ్చునంత కాలమే. సంచారులలో గర్వమునకుఁ జోటు లేదు; ఇతరుల బిడ్డనుగూర్చి గర్వించు టెట్లు? హర్షము గలదేమో, పైకిఁ దెలియలేదు. అనిష్టశంక యొక్కటి స్ఫుటముగా నున్నది. బిడ్డ బల్ల దిగినంతనే కూలి తల యెత్తుట దానిచేతనే. తండ్రియందలి వత్సలమునకు సామగ్రి పుష్కలము. పరునియందలి వత్సలమునకుఁ జూపును శంకయు రెండే సామగ్రి. సామగ్రి కొంచెమైనంతమాత్రమున రస మాభాసమగు నని నేనొప్పుకొనను. అనౌచిత్య మున్నచోటనే యాభాసము. ఇట నౌచిత్యము నిండుగా నున్నది. భవభూతి 'తారామైత్రకము' అన్న దీ చూపునే యని నా తాత్పర్యము.

మాటలాడియుండినచో నా కూలి యేమని పిలిచియుండును? ఈ ప్రాంతమున నెఱుఁగని పిల్లవానినైనను 'అబ్బీ' యనియో, 'నాయనా' యనియో, 'అప్పా' యనియో పిలుతురు. నాయన తండ్రి, అప్పయుఁ దండ్రియే, కన్నడము కలసిన యీ సీమలో నా మాట వాడుక మెండు. చిన్నబిడ్డను దండ్రీ యని పిలుచుట తెనుఁగువారికేకాదు, సంస్కృతమునను గలదు: 'తాత' శబ్దము తండ్రికిని జెల్లును, లాలనగాఁ బిన్నవానికిని జెల్లును. మనము దానిని దెచ్చుకొని తండ్రి తండ్రికిఁ గట్టితిమి. బిడ్డయు నా ముసలివానిని 'తాతా' యనియే యుండును. ఇట్లు మన భాష పరులకు మొదటిమాటలోనే చుట్టఱికము గలుపును. ఆ రాత్రి యా మొదటిమాటయు లేదు. భాష కలుపక మునుపే కలిసినది.

శరణాగతరక్షణమును దీనితోఁ గలపరాదని నా యభిప్రాయము. 1893లో నీ గుంతకల్లు రైలుగేటుకడఁ గాపలాయున్న హంపన్న, యాంగ్లసైనికులు తఱుమఁగా వచ్చిన యిద్దఱు స్త్రీలకుఁ దన గుడిసెలో నాశ్రయమిచ్చి, వారి నప్పగింప నిరాకరించి, తుపాకిగుండు దెబ్బకుఁ బ్రాణము విడిచెను. కాల్చినవాఁడు మద్రాసు హైకోర్టున నిర్దోషిగా విడువఁబడెను. గుత్తి కేశవపిళ్ళగా రా యన్యాయమును లోకమునకుఁ జాటిరి. హంపన్నయు నా స్త్రీలకుఁ బరుఁడే. కాని యట నార్తనాదము గలదు, ధర్మశాస్త్రము విధించిన కర్తవ్యము గలదు, అది వీరము. ఇట నెవరును రక్షింపు మని యడుగలేదు. ఏ శాస్త్రమును బుడ్డ లొలిచి పెట్టుమని విధింపలేదు.

ఈ కాలమునఁ జదువరు లొక యాక్షేపము చేయుదురు. ఎఱుఁగనివాఁ డిచ్చినది తినరాదని పిల్లలకు మనమే నేర్పుచున్నాము గదా, యని. ఈ భయము క్రొత్తది గాదు, నిరాధారమును గాదు. కాళిదాసుఁ డా బిడ్డ మణికట్టున 'అపరాజిత' యను మూలికను గట్టెను. అది నేలఁబడినచోఁ దలిదండ్రులును దానును దప్ప నెవఁడెత్తినను బామై కఱచును. పరుని శంకించుటకై జాతకర్మమునాఁడే కట్టిన రక్ష యది. అయినను గవి యా మూలిక ప్రస్తావన రాకముందే రాజుచేతఁ బిల్లవానిని దాఁకించెను. అదియుఁ దాపసి వేఁడఁగా, సింహపుఁబిల్లను విడిపించుటకు. రక్షయు వలయును, అడిగినయెడఁ జేయిచాఁచు పరుఁడును వలయును.

మూలిక లేని బిడ్డల మాట యేమి? ఇల్లు విడిచియో, తప్పిపోయియో రైళ్లలోను స్టేషనులలోను దిరుగుచుండిన బిడ్డలను 2018 మొదలు 2024 మే వఱకు రైల్వే రక్షకదళమువారు దేశమంతట 84 వేలకుమించి కాపాడిరి. ఆ బిడ్డలలోఁ బ్రతివానిని మొదట నెవరో యొకరు చూచియుండవలయును: తేనీరమ్మువాఁడో, టిక్కెట్లు చూచువాఁడో, ప్రక్కబల్ల ప్రయాణికుఁడో. బిడ్డలకై యేర్పఱచిన 1098 సంఖ్యకుఁ బిలిచి చెప్పుటయు నీ చూచుటకుఁ దరువాతి పనియే. ఆ సంఖ్య యిప్పుడు కేంద్రప్రభుత్వమువారి 'మిషన్ వాత్సల్య' యను పథకమునఁ జేరియున్నది. పేరు పెట్టినవారు కాశికను జదివిరో లేదో. దిక్కులేని బిడ్డకు దొరతనము వత్సలము గావలెనని చెప్పుటలో 'వత్సలుఁడైన స్వామి' యను మొదటి యుదాహరణమే సార్థకమైనది.

ఒక్కటి మిగిలినది. లక్షణకర్తలందఱు నీ రసమున బిడ్డను నాలంబనముగానే నిలిపిరి. చూచువాని మనసునకుఁ బేరు గలదు. చూడఁబడు బిడ్డ మనసునకుఁ బేరు లేదు. మూటను గూలి ప్రక్కకుఁ జేర్చిన పిల్లవానిలోఁ గలిగిన దేమి? అది భక్తి గాదు, సఖ్యము గాదు. కాళిదాసున నొకచోట నీ జాడ గలదు. తాపసి రాజుతో, నీ వపరిచితుఁడవయ్యు బాలుఁడు నీకుఁ బ్రతికూలుఁడు గాలేదే యని యాశ్చర్యపడును. సంస్కృతచ్ఛాయలో నట నున్న పదము 'అప్రతిలోమ'. అది నిషేధరూపము: ఎదురుతిరుగలేదని మాత్రమే చెప్పును, చేరినాఁడని చెప్పదు. తెనుఁగున దీనికి విధిరూపమైన మాట గలదు: మాలిమి. బిడ్డ మాలిమియైనాఁ డందుము. దూడ మాలిమియైన దనియు నందుము.